రేపల్లె బండిలో నిద్ర లేపే రత్నమ్మ

రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరు వైపు పోయే పొద్దుటి పాసింజరులో, ఇంజను దగ్గర్నుంచి మూడో పెట్టెలోకి జనం కూర్చోవడానికి ఎక్కరు, నిద్రపోవడానికి ఎక్కుతారు. పేరుకి తెనాలి టికెట్టు గానీ, నిజానికి వాళ్ళు కొనుక్కునేది గంటసేపు నిద్ర. పల్లికోన దాటేసరికి తలలు వాలతాయి. భట్టిప్రోలు వచ్చేసరికి నోళ్ళు తెరుచుకుంటాయి. వేమూరులో ఎవరైనా కొత్తవాడు ఆ పెట్టె ఎక్కితే, చంటిపిల్ల ఉన్న ఇంట్లోకి వచ్చినట్టు చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తాడు.

అంత ధీమాగా నిద్రపోవడానికి కారణం ఒక్కటే. రత్నమ్మ ఉంది.

రత్నమ్మకి యాభై నాలుగేళ్ళు. ఇల్లు రేపల్లెలో లూథరన్ చర్చి వెనక సందులో. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల వార్డులో ఆయాగా చేస్తుంది. సన్నగా, పొడుగ్గా, చీపురుపుల్ల నిలబెట్టినట్టుంటుంది మనిషి. పదకొండేళ్ళుగా అదే బండి, అదే కిటికీ. అందరూ నిద్రపోతుంటే తను మాత్రం రెప్ప వాల్చకుండా కూర్చుంటుంది. చినరావూరు దాటగానే లేచి, కొంగు నడుముకి చెక్కి, ఒక్కొక్కళ్ళనీ లేపుకుంటూ వస్తుంది. ఈ పని ఎవరూ అప్పజెప్పలేదు. అదలా వచ్చి ఆవిడ ఒళ్ళో పడింది.

అందరినీ ఒకేలా లేపితే కుదరదని రత్నమ్మ సిద్ధాంతం. బట్టల కొట్లో పనిచేసే భాగ్యశ్రీని భుజం తడితే ఉలిక్కిపడి ఏడుపు మొహం పెడుతుంది. ఆ పిల్ల చెవి దగ్గర "షట్టరు ఎత్తేశారమ్మా" అంటే చాలు. తెనాలిలో దిగి బాపట్ల బస్సెక్కే గుమాస్తా వినయ్ కుమార్‌ని కాలి బొటనవేలు పట్టుకుని లాగాలి. ఒక లెక్కల మాస్టారున్నారు, ఆయన్ని అసలు తాకక్కర్లేదు. ఆయన టిఫిన్ బాక్సు మూత కొంచెం తీసిపెడితే ఉప్మా వాసనకి తనే లేస్తాడు.

పైబల్ల మీద పడుకునే నరసింహారావు సంగతి వేరు. ఆయన తెనాలి డిపోలో బస్సు డ్రైవరు, తెనాలి నుంచి బాపట్లకి నడుపుతాడు. భారీ మనిషి. ఆయన గురక మొదలుపెడితే పెనుమర్రు స్టేషన్లో కుక్కలు బండి కనపడకముందే పట్టాల మీంచి తప్పుకునేవట. ఒకసారి గార్డు, చక్రం ఏదో పట్టేసిందనుకుని బండి ఆపించి, కింద ఇనుమంతా సుత్తితో కొట్టి చూసి, ఆఖరికి పెట్టెలోకి ఎక్కి పైబల్ల కేసి చూసి, టోపీ తీసి దణ్ణం పెట్టి దిగిపోయాడట. సుత్తి కథ వినయ్ కుమార్‌ది. మాస్టారు మాత్రం తను కళ్ళారా చూశానంటారు, ఆ టైముకి ఆయనా నిద్రలోనే ఉన్నా సరే.

నరసింహారావుని లేపాలంటే రత్నమ్మ తన స్టీలు క్యారేజీ మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టి "రైట్, రైట్" అనాలి. కళ్ళు తెరవకుండానే ఆయన ఎడమచెయ్యి గేరు కోసం వెతికేది.

"పెట్టిపుట్టాడు," అనేవాళ్ళు పెట్టెలో అందరూ. "పడుకున్నాడంటే మనిషి ఈ లోకంలో ఉండడు."

గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నాడని మనవాళ్ళ లెక్క. రత్నమ్మదీ అదే లెక్క. వార్డులో నిద్రపట్టక దొర్లే రోగులకి నరసింహారావుని పేరు పెట్టి చెప్పి, "ఆయనలా అన్నీ వదిలేసి పడుకోవాలి" అని హితబోధ చేసేది.

తన సంగతికొస్తే, "నాకు నాలుగు గంటలు చాలు" అనేది గొప్పగా. తెల్లవారుజామున మూడున్నరకి లేవడం, ప్రార్థన, ఆ తర్వాత భర్త ఏసుబాబుకి ఒక కూర, అత్తగారికి కారం లేని కూర, తనకి పచ్చడి. సాయంత్రం ఇంటికొచ్చాక అంట్లు, బట్టలు, బాపట్లలో ఉన్న చెల్లెలితో ఫోనులో ముచ్చట్లు. పడుకునేసరికి పదకొండు దాటేది. ఎక్కువ నిద్రపోయేవాళ్ళకి సైతాను స్వయంగా దిండు సర్దిపెడతాడని వాళ్ళమ్మ చెప్పేది. రత్నమ్మ ముప్పై ఏళ్ళుగా సైతానుకి ఆ అవకాశం ఇవ్వలేదు.

కిందటేడు వానాకాలంలో ఇచ్చింది.

వార్డులో ఇంకో ఆయా సెలవు పెడితే మూడు రోజులు రెండు డ్యూటీలూ తనే చేసింది. నాలుగో రోజు పొద్దున, చినరావూరు ఇంకా రాకముందు, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది.

బండి తెనాలిలో ఆగింది. టీ వాళ్ళు అరిచారు. మైకు మూడు భాషల్లో మొత్తుకుంది. పెట్టెలో పద్దెనిమిది మందిలో ఒక్కరూ కదల్లేదు. పదకొండేళ్ళుగా ఆ చెవులకి లేవాల్సిన చప్పుడు ఒక్కటే, అది రత్నమ్మ గొంతు. ఆ గొంతు వినపడలేదు కాబట్టి తెనాలి రాలేదు, అంతే. తెనాలిలో ఎక్కిన గుంటూరు జనం వీళ్ళని చూసి, పాపం ఎక్కడో దూరం నుంచి వస్తున్నవాళ్ళనుకుని, చోటు కూడా అడక్కుండా నిలబడే ప్రయాణం చేశారు.

రత్నమ్మకి మెలకువ వచ్చేసరికి బండి ఆగి ఉంది. కిటికీలోంచి స్టేషను బోర్డు చదివింది. సంగం జాగర్లమూడి అని ఉంది. మళ్ళీ చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది.

"దేవా," అంది మెల్లిగా. తర్వాత క్యారేజీ మీద గరిటెతో వాయించిన వాయింపుకి పద్దెనిమిది మందీ ఒక్కసారే లేచారు.

బాపట్ల బస్సు నరసింహారావు లేకుండానే ఇంకో డ్రైవరుతో వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు ఆటోల్లో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుని తెనాలి చేరారు. ఆ రోజు ఊళ్ళో ఆఫీసుల్లో, కొట్లలో, బడిలో పద్దెనిమిది మంది ఒకే కారణం చెప్పారు. అదే నిజమైనా, ఎవరూ నమ్మలేదు.

విచిత్రం ఏంటంటే, రత్నమ్మని ఎవరూ తిట్టలేదు. "పోనీలే పిన్నీ, పదకొండేళ్ళలో ఒక్కసారి" అన్నాడు వినయ్ కుమార్. భాగ్యశ్రీ అయితే నుదుటి మీద చెయ్యి పెట్టి, "పిన్నీ, నీకు ఒంట్లో బాగుందా?" అంది. తిడితే తిప్పి కొట్టేది రత్నమ్మ. జాలి పడితే ఏం చెయ్యాలో ఆవిడకి తెలీదు.

ఆ మధ్యాహ్నం వార్డులో నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. ఛాతీ డాక్టరు రూబీ వచ్చి వెనక నిలబడింది. రూబీ చిన్నప్పుడు సండేస్కూల్లో ఆ పిల్ల ముక్కు రత్నమ్మే తుడిచింది. అయినా ఆసుపత్రిలో అండి అనకుండా మాట్లాడదు.

"ఆంటీ, ఆ దుప్పటి మీరు ఇందాకే మడతపెట్టారు. మళ్ళీ విప్పి మళ్ళీ పెడుతున్నారు."

"బాగా కుదరలేదండి."

"రాత్రి ఎన్నింటికి పడుకున్నారు?"

"పదకొండున్నరకండి."

"లేచింది?"

"మూడున్నరకి. రోజూ అంతేనండి. నాకు సరిపోతుంది."

"సరిపోతే పొద్దున సంగం జాగర్లమూడి ఎందుకు చూసొచ్చారు?"

కబురు అప్పుడే ఆసుపత్రి దాకా వచ్చేసిందన్నమాట. రత్నమ్మ దుప్పటి పక్కన పెట్టింది. రూబీ ఖాళీ మంచం మీద కూర్చుని, ఆవిణ్ణి కూడా కూర్చోమంది.

"మన వార్డు రాత్రిపూట రోగులు సద్దుమణిగాకే ఎందుకు తుడుస్తారు ఆంటీ?"

"పగలు జనం తొక్కుతూనే ఉంటారు కదండీ. తుడిచినా ఏం లాభం?"

"మెదడూ అంతే. పగలంతా పనిచేస్తే లోపల చెత్త పోగవుతుంది. గాఢనిద్రలోనే దాన్ని బాగా కడుక్కుంటుందని ఇప్పుడు పరిశోధన చేసేవాళ్ళు చాలామంది అంటున్నారు. మీరు రోజూ సగం వార్డు తుడిచి చీపురు పడేస్తున్నారు."

రత్నమ్మకి రోషం వచ్చింది. సగం వార్డు తుడిచి వదిలేసిందని ఆవిణ్ణి ఇంతవరకు ఎవరూ అనలేదు.

రూబీ వదల్లేదు. "నిద్ర అంటే ఒకటే ముద్ద కాదు. మొదట తేలిక నిద్ర, తర్వాత గాఢనిద్ర, ఆ తర్వాత కలలొచ్చే నిద్ర. గంటన్నరకి అటూ ఇటూగా ఒక చుట్టు. రాత్రికి నాలుగైదు చుట్లు తిరగాలి. మీరు మూడో చుట్టు పూర్తవకుండానే లేచి పొయ్యి వెలిగిస్తున్నారు. పెద్దవాళ్ళకి ఏడు గంటలైనా ఉండాలి. ఏళ్ళ తరబడి తగ్గిస్తూ పోతే బీపీ అంటారు, షుగరంటారు, మతిమరుపంటారు. మీ ఒళ్ళు గట్టిది కాబట్టి ఇన్నాళ్ళూ ఓర్చుకుంది."

"అందుకేనా అండి, ఒక్కోరోజు బొటనవేలు లాగితే వినయ్ కుమార్ నన్నెప్పుడూ చూడనట్టు చూస్తాడు?"

"గాఢనిద్రలోంచి లాగారన్నమాట. మనిషి లేచినా మెదడు లేవడానికి కాస్త టైము పడుతుంది."

ఇదంతా రత్నమ్మకి నచ్చింది. కానీ తన గురించే ఇంతసేపు మాట్లాడటం నచ్చలేదు. మాట మళ్ళించడానికి, "నిద్రంటే మా నరసింహారావుగారిదండి," అని మొదలుపెట్టింది. పైబల్ల, గురక, పెనుమర్రు కుక్కలు, గార్డు సుత్తి, అన్నీ చెప్పింది. రూబీ నవ్వుతూ వింటోంది.

"మధ్యమధ్యలో ఆగుతుందండి. అరనిమిషం చప్పుడే ఉండదు. తర్వాత నీళ్ళలో మునిగి పైకి తేలినవాడిలా గుడుక్కున ఒక గాలి మింగి మళ్ళీ మొదలుపెడతారు. ఆ ఆగినంతసేపే పెట్టెలో మాకు కాస్త సుఖం."

రూబీ నవ్వు పోయింది. "ఏంటి ఆంటీ, మళ్ళీ చెప్పండి. పూర్తిగా ఆగుతుందా?"

"ఆగుతుందండి. నిద్ర అంత లోతుగా..."

"అది లోతు కాదు. అప్పుడు ఆయనకి ఊపిరి ఆడట్లేదు. గొంతులో గాలి పోయే దారి మూసుకుపోతోంది. గాలందక మెదడు కంగారుపడి మనిషిని కాస్త లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. గంటకి ముప్పైసార్లు, నలభైసార్లు. ఆయనకి ఒక్కటీ గుర్తుండదు. రాత్రంతా మంచం మీదే ఉన్నా నిద్రపోనట్టే. అందుకే బండెక్కగానే పడిపోతున్నారు. గుండెకి కూడా మంచిది కాదు. ఏం పని చేస్తారాయన?"

రత్నమ్మ మంచం మీంచి లేచింది. "బస్సు నడుపుతారండి," అంది.

మర్నాడు తెనాలి ప్లాట్‌ఫాం మీద రత్నమ్మ నరసింహారావుని పక్కకి పిలిచి అంతా చెప్పింది. ఆయన వినీ విననట్టు విన్నాడు.

"నిన్న ఒక్కరోజు నువ్వు నిద్రపోయావని, ఇవాళ నాకు జబ్బు అంటగడతావా చెల్లెమ్మా?"

"డాక్టరమ్మ ఊరికే అనలేదు అన్నయ్యగారూ. ఒక్క పరీక్ష. ఇంట్లోనే చేసుకోవచ్చట."

"పరీక్షలో ఏదో ఉందంటారు. వాళ్ళు ఎప్పుడు లేదన్నారు గనక? ఆ కాగితం డిపోకి వెళుతుంది. వాళ్ళు నన్ను స్టీరింగు మీంచి దింపి ఓ మూల కూర్చోబెడతారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క కోడిపిల్లని తొక్కలేదు నేను. స్టీరింగు తీసేస్తే నేనెవర్ని?"

ఆ తర్వాతి రోజు నుంచి ఆయన మూడో పెట్టె ఎక్కలేదు.

రత్నమ్మకి అన్నం సహించలేదు. ఆసుపత్రి గేట్లోకి అంబులెన్సు వచ్చినప్పుడల్లా చేతిలో పని వదిలేసి వెళ్ళి, అది ఎటునుంచి వచ్చిందో కనుక్కునేది. బాపట్ల దారిలో ఉన్న పొన్నూరు వైపు నుంచి కాదంటే మళ్ళీ వచ్చి పని అందుకునేది.

"డిపోకి వెళ్ళి మేనేజరుకి చెప్పేస్తే పోలా పిన్నీ?" అన్నాడు వినయ్ కుమార్. రోజూ ఆ బస్సే ఎక్కేవాడు అతను. ఈ సంగతి తెలిశాక డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ఆయనకి కునుకు పట్టకుండా దారంతా దగ్గుతూ వెళుతున్నాడు.

"మనిషి కూడు మీద కొట్టడం నాకిష్టం లేదురా. తనంతట తను వెళ్ళాలి." కాసేపు ఆలోచించి మళ్ళీ అంది. "కానీ బస్సులో యాభై మంది ఉంటారు. ఆదివారం దాకా చూస్తా. సోమవారం పొద్దున్నే నేనే డిపోకి వెళతా. తిట్టుకుంటే తిట్టుకోనీ."

శుక్రవారం నరసింహారావు తిరిగొచ్చాడు. అయిదో పెట్టెలో లేపేవాళ్ళు లేక ఒకరోజు తెనాలి దాటి అంగలకుదురు దాకా పోయాడట. ఇంకోరోజు ఆయన గురకకి పక్కవాళ్ళు కాళ్ళు పట్టుకుని కిందికి లాగేశారట. ఎవరితోనూ మాట్లాడకుండా పైబల్ల ఎక్కి, తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. పల్లికోన రాకముందే పెట్టె అదరడం మొదలైంది.

రత్నమ్మ లేచి నిలబడి, నిద్రకి సిద్ధమవుతున్న మిగతావాళ్ళందరినీ కలియచూసింది.

"ఇవాళ ఎవరూ పడుకోవద్దు. ఒక పని ఉంది. ఆయన ఊపిరి ఆగగానే అందరూ ముక్కు మూసుకోండి. ఆయన మళ్ళీ తీసుకున్నప్పుడే మీరూ తీసుకోవాలి. వినయ్, నువ్వు నిలబడి ఆయన మొహం మీంచి తువ్వాలు తీసి ఫోనులో పట్టు. మమ్మల్నీ పట్టు."

"ఇదేం ఆట పిన్నీ?" అంది భాగ్యశ్రీ.

"ఆట కాదు. నువ్వు ముక్కు మూసుకో."

గురక ఆగింది. పద్దెనిమిది ముక్కులు మూసుకున్నాయి.

సరిగ్గా అప్పుడే బండి భట్టిప్రోలులో ఆగింది. ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె ఎక్కింది. పెట్టెడు జనం తనని చూస్తూ ముక్కులు మూసుకుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటమ్మా మీకు రోగం? చేపలు కాదు, తోటకూర ఇది. పొద్దున కోసింది."

జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి. ఎవరూ తెరవలేదు. ఆమెకి ఒళ్ళు మండి, గంప దించి ఒక కట్ట తీసి మాస్టారి మొహం ముందు ఆడించింది. "చూడండి సార్, చూసి చెప్పండి వాసనేదో." మాస్టారు తట్టుకోలేక బుస్సుమని గాలి వదిలేశారు. ఆయన మొదట ఓడిపోయారు. తర్వాత భాగ్యశ్రీ. తర్వాత వరసగా అటు బల్ల మొత్తం. ఊపిరి పీల్చుకున్నవాళ్ళు నవ్వుదామనుకుని పైకి చూశారు. పైబల్ల మీద ఛాతీ ఎగిరెగిరి పడుతోంది గానీ గాలి పోవడం లేదు. నవ్వు ఎవరికీ రాలేదు.

మిగిలింది రత్నమ్మ ఒక్కతే. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. చెవుల్లో హోరు. ఆవిడ కూడా ఆగలేక నోరు తెరిచేసింది. అప్పటికీ ఆయన తీసుకోలేదు.

ఆకుకూరలామె గంప మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, ఆయన బతికే ఉన్నాడా?"

అప్పుడు గుడుక్కున ఒక శబ్దం వచ్చి, నరసింహారావు గాలి మింగి, మళ్ళీ గురక అందుకున్నాడు. ఇన్నేళ్ళూ విని నవ్వుకున్న చప్పుడే. ఆ రోజు మాత్రం అది మళ్ళీ ఆగుతుందేమోనని తెనాలి దాకా అందరూ చెవి ఒగ్గి కూర్చున్నారు.

తెనాలిలో దిగాక ఆయన్ని ప్లాట్‌ఫాం బల్ల మీద కూర్చోబెట్టి వినయ్ కుమార్ ఫోను చేతికిచ్చాడు. నరసింహారావు మొదట చిరాగ్గా చూశాడు. తర్వాత వంగి చూశాడు. ఫోనులో ఒక పెద్దమనిషి వెల్లకిలా పడి ఉన్నాడు, నోరు తెరిచి, మొహం నల్లబడి. కింద జనం ఒక్కొక్కళ్ళే ఓడిపోతున్నారు. అయిపోయాక ఆయన మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుని చూశాడు. చుట్టూ పద్దెనిమిది మందీ పనులకి ఆలస్యమవుతున్నా కదల్లేదు.

"ఇది నేనేనా?" అన్నాడు చివరికి.

"మీరే అన్నయ్యగారూ."

ఫోను వినయ్ కుమార్‌కి తిరిగిచ్చేశాడు. "ఒక మాట ఎవరికీ చెప్పలేదు చెల్లెమ్మా. పోయిన నెల పొన్నూరు దాటింది గుర్తుంది. అప్పికట్లలో ఎవరో 'ఆపండి, దిగాలి' అంటే బ్రేకు మీద కాలేశాను. మధ్యలో దారి ఏమైందో నాకు తెలీదు. బస్సు నడిచింది, నేను లేను. అలవాటైన దారి కదా అని సర్దిచెప్పుకున్నా."

ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఇవాళ బండి నేను తియ్యను," అన్నాడు. "డిపోలో చెప్పేసి వస్తా. మీ డాక్టరమ్మ ఎన్ని గంటల దాకా ఉంటుంది?"

ఆసుపత్రిలో పరీక్షకి చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. వేలికి ఒక క్లిప్పు, ఛాతీకి ఒక పట్టీ, ముక్కు దగ్గర ఒక గొట్టం పెట్టుకుని ఇంట్లోనే ఒక రాత్రి పడుకోవాలి. గంటకి నలభై రెండుసార్లు ఊపిరి ఆగిందని తేలింది. రూబీ ఆ కాగితం చూపించి, భయపెట్టకుండా, దాచకుండా చెప్పింది. నిద్రపోయేటప్పుడు పొడుగాటి గొట్టమున్న మాస్కు పెట్టుకుంటే యంత్రం గాలి ఒత్తిడితో గొంతులో దారి మూసుకుపోకుండా చూస్తుంది. బరువు తగ్గాలి. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోవాలి. రాత్రి పొద్దుపోయి పొట్టనిండా తినకూడదు.

"మందుబిళ్ళ ఏదైనా ఇవ్వండి డాక్టరుగారూ. ఈ తొండం ఎందుకు?" అన్నాడు ఆయన.

"నిద్రమాత్రలు మీలాంటివాళ్ళకి ఇంకా ప్రమాదం. మీకు తొండమే."

ఆయన భార్య కోటేశ్వరి పక్కనే ఉంది. "పెట్టండమ్మా. రోజూ వినాయకుడి దర్శనం చేసుకున్న పుణ్యం నాకొస్తుంది," అంది. ఆమె తర్వాత రత్నమ్మకి ఫోను చేసి చెప్పిందేమిటంటే, మొదటి రాత్రి ఇంట్లో గోడగడియారం చప్పుడు చేస్తుందని ముప్పై ఏళ్ళలో మొదటిసారి తెలిసిందట. ఆ నిశ్శబ్దానికి భయమేసి మూడుసార్లు లేచి ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకుందట. వారం తిరిగేసరికి ఇంట్లో అందరికంటే ముందు నరసింహారావే లేచి, కాఫీ కలిపి, అందరినీ లేపి తిట్లు తిన్నాడు.

డిపోవాళ్ళు ఆయన భయపడినట్టు మూల కూర్చోబెట్టలేదు. బస్టాండులో మైకు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన రేపల్లె బస్సు గురించి ఒకసారి చెప్పి, బాపట్ల బస్సు గురించి నాలుగుసార్లు చెప్పేవాడు. ఎక్కడివాళ్ళైనా సరే కాస్త తటపటాయిస్తే బాపట్ల బస్సెక్కించేవాడని ఫిర్యాదులు వచ్చాయి.

రత్నమ్మ ఇంట్లో కూడా మార్పు జరిగింది, కాకపోతే గొడవతో. "ఇకనుంచి పదింటికి పడుకుంటా, అయిదింటికి లేస్తా" అని ప్రకటించింది. "మరి కూరల సంగతో?" అన్నాడు ఏసుబాబు. "అందరికీ ఒకటే కూర. కారం కావాలంటే పక్కన పెట్టుకోండి. ఉల్లిపాయలు రాత్రే మీరు తరిగిపెట్టండి." దేవుడు కూడా ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడని, తనకి ఆయనకంటే ఎక్కువ పనేం లేదని కూడా అంది. ఏసుబాబు ఉల్లిపాయలు తరగడం నేర్చుకున్నాడు. నెల తిరిగేసరికి రత్నమ్మ ఏ దుప్పటీ రెండుసార్లు మడతపెట్టడం లేదు. వార్డులో రోగులకి నరసింహారావు కథ ఇప్పుడూ చెబుతుంది, ముగింపు మార్చి.

మూడు నెలల తర్వాత రూబీ ఇచ్చిన కాగితాలు చూసి, డిపో పంపిన డాక్టర్లు కూడా పరీక్ష చేసి, నరసింహారావుకి స్టీరింగు తిరిగి ఇచ్చారు. ఆ పొద్దున ఆయన పైబల్ల ఎక్కలేదు. రత్నమ్మ ఎదురుగా కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, పెనుమర్రు దగ్గర ఈ కొబ్బరితోట ఎప్పుడు వేశారు?"

"ఆ చెట్లు కాయలు కాసి ఆరేళ్ళయింది."

"అవునా. ఆ మేడో?"

"అది మొన్న కూలగొట్టి మళ్ళీ కట్టారు. మీరు మొదటిది కూడా చూడలేదు."

పదకొండేళ్ళ ప్రశ్నలు ఆయన ఆ ఒక్క గంటలో అడిగాడు. కాలవలు, గేదెలు, గుళ్ళు, గోపురాలు, ఏదీ వదల్లేదు. పెట్టెలో ఒక్కరికీ కునుకు పడలేదు. "పిన్నీ," అని వేడుకుంది భాగ్యశ్రీ, "బాబాయిని మళ్ళీ పైకెక్కించవా."

ఆ రోజు రత్నమ్మకి సెలవు. తెనాలిలో దిగి, నేరుగా బస్టాండుకి నడిచి, బాపట్ల బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. నరసింహారావు అద్దంలోంచి చూశాడు.

"ఏంటి చెల్లెమ్మా, కాపలాకి వచ్చావా?"

"కాదన్నయ్యగారూ. మా చెల్లెల్ని చూసి చాలా రోజులైంది."

"మొన్న ఆదివారం మీ చెల్లెలే మీ ఇంటికొచ్చిందన్నావు."

"వచ్చినామె ఏదో మర్చిపోయి వెళ్ళింది. ఇచ్చొస్తా. ముందు చూసి నడపండి."

ఆయన ముందుకి చూసే నడిపాడు. రత్నమ్మ అద్దంలో ఆయన కళ్ళ మీదే దృష్టి పెట్టింది. ఊరు దాటారు. ఆయన కళ్ళు దారి మీదా, పక్క అద్దాల మీదా చకచకా తిరుగుతున్నాయి. ఎదురొచ్చిన ట్రాక్టరుకి దూరం నుంచే వేగం తగ్గించాడు. గట్టు దిగుతున్న గొర్రెల మందని చూసి, కండక్టరు చెప్పకముందే ఆపాడు. కాపరి చెయ్యెత్తితే తనూ చెయ్యెత్తాడు. పొన్నూరు ఇంకో పది నిమిషాలుందనగా రత్నమ్మ తల కిటికీ ఊచకి ఆనింది. ముందు రాత్రి ఏడు గంటలు నిద్రపోయి వచ్చిన మనిషే. అయినా గాలి చల్లగా తగులుతోంది, చూడాల్సిందేదో చూడటం అయిపోయింది.

పొన్నూరు వెళ్ళిపోయింది. అప్పికట్ల వచ్చింది, ముగ్గురు దిగారు, ఇద్దరెక్కారు, అప్పికట్లా వెళ్ళిపోయింది.

బాపట్ల బస్టాండులో అందరూ దిగాక కండక్టరు రత్నమ్మ దగ్గరికొచ్చి, "అమ్మా, బాపట్ల..." అనబోయాడు.

"ష్," అన్నాడు నరసింహారావు ఇంజను ఆపుతూ. "మనం తిరిగి బయల్దేరడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. అప్పటిదాకా ఆవిణ్ణి లేపావంటే ఊరుకోను. దా, టీ తాగొద్దాం. తలుపు మెల్లిగా వెయ్యి."